ఐదో ప్రశ్న

మర్చిపో తాతా, ఈ ఒక్క గంట మర్చిపో. రెండేళ్లుగా గుర్తుపెట్టుకో, గుర్తుపెట్టుకో అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నేనే, ఇప్పుడీ చెక్క బెంచీ మీద కూర్చుని మూసిన తలుపు వైపు చూస్తూ మర్చిపొమ్మని వేడుకుంటున్నదీ నేనే, నన్ను చూసి నువ్వు నవ్వినా నాకు కోపం రాదు. పది నలభైకి నిన్ను లోపలికి తోసుకెళ్లారు. గోడ గడియారంలో ఇప్పుడు పదకొండు కావస్తోంది. తలుపుకి గరుకు అద్దం, దాని వెనక నీ తల తెల్లగా, కదలకుండా, నీకెదురుగా మూడు నల్లటి ఆకారాలు, వాళ్లు డాక్టర్లు, పక్కన నిలువుగా ఇంకొకటి, అది సూపరింటెండెంటు, ఆయన ఎక్కడా కూర్చోడు. మాటలు వినిపించడం లేదు. ఆ ముగ్గురూ నీకు మతి ఉందని రాస్తే ఉరి, లేదని రాస్తే ఆగుతుంది, ఇంతే సంగతి. తానెవరో, ఏం చేశాడో, తననెందుకు చంపుతున్నారో తెలియని మనిషిని ఉరి తీయకూడదని రూలు. తెలిస్తే తీయొచ్చు. డెబ్భై తొమ్మిదేళ్లొచ్చినా, ఎడమ పక్కంతా చచ్చుపడినా, తిండి ఇంకొకరు నోట్లో పెట్టాల్సి వచ్చినా ఆ రూలుకి అభ్యంతరం లేదు. తెలిస్తే చాలు.

ఈ రూలు నాకు పోయిన వారం దాకా తెలియదు. ఇరవై రెండేళ్లుగా ఈ జైలు ఆసుపత్రిలో నర్సుని, కట్లు, ఇంజక్షన్లు, గజ్జి, పంటి నొప్పులు, పని ఎగ్గొట్టడానికి వచ్చే దొంగ కడుపునొప్పులు, వీటి రూళ్లన్నీ కంఠతా వచ్చు, ఉరి రూళ్లతో నాకేం పని. ఇక్కడ ఉరి తీసి పద్దెనిమిదేళ్లైంది. ఆ ఉరికంబం షెడ్డులో చిరిగిన పరుపులు పడేసుకుంటున్నాం, ఇంకెవరు తీస్తారులే అని అందరం అనుకున్నాం. తాత కాగితాలు పదకొండేళ్లు ఎవరి బల్ల మీదో పడుకుని, ఎవరో బల్ల సర్దుతుంటే లేచి కూర్చున్నాయి కాబోలు, క్షమాభిక్ష లేదని జవాబొచ్చింది. అప్పటికి తనకి కాగితాలనేవి ఉన్నాయన్న సంగతే తాతకి గుర్తు లేదు. తాత అని పిలుస్తాను గానీ మా ఇద్దరికీ మధ్య పాతికేళ్లు కూడా లేవు, తల నెరిసిపోయాక మగాళ్లందరూ తాతలే. ఖైదీలు నన్ను అక్కా అంటారు, వార్డర్లూ అక్కా అంటారు, సూపరింటెండెంటు మాత్రం సిస్టర్ అంటాడు. ఆయన మర్యాదస్తుడు. ఇవాళ పొద్దున్న కూడా కాస్త బయట కూర్చోండి సిస్టర్, మీరుంటే ఆయన మీ మొహం చూసి చెప్తాడని డాక్టర్లు అంటున్నారు అన్నాడు. నా మొహం చూసి చెప్తాడట. ఆ మాట వినగానే నా ప్రాణం లేచొచ్చింది, నేను లేకపోతే చెప్పడు కదా అని.

అయిదు ప్రశ్నలు. నీ పేరేమిటి, ఈరోజు ఏ వారం, ఇదెక్కడ, నేనెవరిని, నువ్విక్కడ ఎందుకున్నావు. పొద్దున్న ఏడింటికి, పళ్లు తోమించి మొహం తుడిచాక, ఎప్పుడూ ఇదే వరస. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు, మా అమ్మ కోసం ఒక డాక్టరు చీటీ మీద రాసిచ్చింది. అందులో నాలుగే ఉన్నాయి. రోజూ ఒకే వేళకి, ఒకే వరసలో అడగండి, మతి పూర్తిగా పోకుండా కొన్నాళ్లు పట్టుకోవచ్చు అన్నాడాయన. అమ్మని నేను వారానికి మూడు రోజులు అడిగితే గొప్ప. డ్యూటీ ఉండేది, బస్సు దొరికేది కాదు, ఇంటికొచ్చేసరికి ఒళ్లు హూనమై ఉండేది, రేపు అడుగుదాంలే అనుకునేదాన్ని. అమ్మ ముందు నా పెళ్లి మర్చిపోయింది, తర్వాత నాన్న పోవడం మర్చిపోయింది, తర్వాత నన్నే మర్చిపోయింది. చివరి ఆరునెలలూ నన్ను సిస్టర్ అనే పిలిచింది. నొప్పి తగ్గింది సిస్టర్, మీకు పిల్లలున్నారా సిస్టర్, మీ చేయి చల్లగా ఉంది సిస్టర్. ఒక్కసారి కూడా విసుక్కోలేదు, పరాయివాళ్ల మీద విసుక్కోకూడదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ మాకు చెప్పిన మాటే. అమ్మ పోయిన మూడో ఏట తాత ఒక పొద్దున్న పళ్ల బ్రష్షు చేత్తో పట్టుకుని, దీన్ని ఏం చేస్తారమ్మా అని అడిగాడు. ఈసారి ఊరుకునేది లేదనుకున్నాను. సెలవు రోజు కూడా వచ్చి అడిగాను, జ్వరం వచ్చినా వచ్చి అడిగాను, మా ఆయన ఆ ముసలాణ్ని ఇంటికి తెచ్చేసుకో అని దెప్పేవాడు. అమ్మ దగ్గర ఓడిపోయింది తాత దగ్గర గెలవాలనుకున్నాను, నిజం చెప్పాలంటే అంతే, ఇందులో దయ ఎంతో, పంతం ఎంతో నాకే తెలియదు.

ఆ ఐదోది మాత్రం నేను కలిపిందే. నాలుగుతో ఆపేసి ఉంటే ఇవాళ ఈ బెంచీ మీద ఇలా చెమటలు కక్కేదాన్ని కాదు. కానీ తాత అడిగేవాడు. నన్నిక్కడ ఎందుకు పెట్టారమ్మా, నేనేం చేశాను, మావాళ్లు నన్ను వదిలించుకున్నారా అని బిక్కమొహం వేసుకుని అడిగేవాడు. ఒకరోజు ఉండబట్టలేక చెప్పేశాను. ఇద్దర్ని చంపావు తాతా, పక్కింటి ఆయన్నీ ఆయన భార్యనీ, కుళాయి దగ్గర తగువులో, ఇనుప కడ్డీతో. తాత నా మొహంలోకి చూశాడు, నేను వేళాకోళం ఆడుతున్నానేమో అని వెతికాడు, కాదని తెలిశాక ఏడ్చాడు. ఊపిరాడనంత ఏడ్చాడు. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు, మళ్లీ అదే ఏడుపు, మొదటిసారి విన్నంత కొత్తగా. చేసిన వాడికి పాతికేళ్ల కిందటి సంగతి, ఈయనకి ఇవాళ పొద్దుటి సంగతి. పదిహేను రోజులు చూశాను. రోజూ కొత్తగా విని గుండె పగలడం కన్నా ఒకేసారి గుర్తుంచుకుని మోయడం మేలు కదా అనిపించింది. గుర్తున్నవాడు పొద్దున్నే అంతలా ఏడవడు, తలకాయ ఊపి ఊరుకుంటాడు, ఈ వార్డులో అలాంటివాళ్లని ఎంతమందిని చూడలేదు నేను. అలా ఐదోది చేర్చాను. నాలుగు నెలలకి ఏడుపు ఆగింది. ఏడాదికి ఇద్దరి పేర్లూ చెప్పడం వచ్చింది. తాత గుర్తుపెట్టుకుని చెప్పినప్పుడల్లా మెచ్చుకుని దుప్పటి సర్దేదాన్ని. తనంతట తానైతే ఆ కడ్డీ పట్టుకున్న మనిషి ఎప్పుడో తాతలోంచి వెళ్లిపోయి ఉండేవాడు. రోజూ ఏడింటికి వాణ్ని లేపి కూర్చోబెట్టింది నేనే.

బెంచీకి ఆ చివర ఒకావిడ కూర్చుని ఉంది. ముప్ఫై అయిదేళ్లుంటాయి, ఒళ్లో చేతిసంచి, సంచి మీద రెండు చేతులు. తాతని తోసుకెళ్లేటప్పుడు లేచి నిలబడింది, దాటిపోయాక కూర్చుంది. ఎవరో వకీలు తాలూకు మనిషి అనుకున్నాను. ఇందాక తనే పలకరించింది.

"మీరేనాండీ ఆయన్ని చూసుకునేది?"

"నేనే."

"ఇప్పుడు వెళ్లింది ఆయనేనా? నేను పోల్చుకోలేకపోయాను. ఎత్తుగా ఉండేవాడు. తలుపులో పట్టేవాడు కాదు."

అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు తలుపు వెనక ఉన్న తొమ్మిదేళ్ల పిల్ల ఈవిడే. తాత పాఠంలో పాప చూసింది అన్న ముక్క ఒకటుంది, చివర్లో వస్తుంది. కోర్టు తీర్పులో రాసి ఉందని హెడ్ వార్డరు చెబితే నేనే చేర్పించాను, చెప్పేటప్పుడు పూర్తిగా చెప్పాలని. ఆ పాప కళ్లజోడు పెట్టుకుని, చెప్పులు విడిచి కాళ్లు బెంచీ కిందకి ముడుచుకుని నా పక్కన కూర్చుంది.

"మతి పోయిందని అంటున్నారు కదండీ. మా అమ్మ గుర్తుందా ఆయనకి?"

"రోజూ చెప్తాడమ్మా. ఇద్దరి పేర్లూ చెప్తాడు" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆ అనడంలో ఎంత గర్వం ఉందో నాకే వినిపించింది.

ఆవిడ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. "అయితే చాలండీ. నాకది చాలు. మా అన్నయ్యకి ఉరి కావాలి. నాకు వద్దు. ఆ మనిషి బతికున్నంత కాలం మా అమ్మ పేరు అతని బుర్రలో ఉండాలి, అంతే నాకు. చచ్చిపోతే ఇంకెవరి బుర్రలో ఉంటుంది, నా బుర్రలోనే కదా" అంది. ఈ మాట లోపలికి వెళ్లి చెప్పరాదూ అన్నాను. నన్నెవరూ అడగరండీ, రమ్మని ఉత్తరం వచ్చింది, చెప్పమని రాలేదు అంది. ఆవిడకి కావలసింది తాతకి గుర్తుండడం. తాత బతకడానికి కావలసింది గుర్తు లేకపోవడం. ఈ రెండింటినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు, మధ్యలో నన్ను.

మగ్గాల షెడ్డు నుంచి టకటకలు వినిపిస్తున్నాయి. పక్కన వడ్రంగం షెడ్డులో చిత్రిక పడుతున్నారు. పోయిన నెల వడ్రంగం నేర్పే మేస్త్రీ కొలబద్ద పట్టుకుని వార్డుకి వచ్చాడు. అక్కా, తాత కుర్చీ చక్రాల మధ్య ఎంతుందో చూసుకుంటాను అన్నాడు. నా సంబరం చూడాలి. బాత్రూముకి మూడు మెట్లున్నాయి, తాతని ఇద్దరు మోస్తే గానీ అవదు, వాలుబల్ల ఒకటి కట్టించండి మహాప్రభో అని మూడేళ్లలో మూడు అర్జీలు పెట్టాను, కాళ్లరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగాను, ఇన్నాళ్లకి దయ కలిగింది అనుకున్నాను. మేస్త్రీకి నా డబ్బాలోంచి బిస్కెట్లు పెట్టి, అంచులకి గట్టిగా చెక్క కొట్టు, చక్రం జారకూడదు అని చెప్పాను. ఆయన తలెత్తలేదు. బిస్కెట్టు తినలేదు. అంగుళాలన్నీ చిన్న పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయాడు. వాలుబల్ల తయారైంది, మంచి పని, అంచులకి చెక్క కూడా కొట్టాడు. తీసుకెళ్లి ఆ ఉరికంబం షెడ్డు ముందు వేశారు. అక్కడా మెట్లే ఉన్నాయి మరి. పరుపులన్నీ ఎండలో పడేశారు. బాత్రూముకి ఇప్పటికీ ఇద్దరు మోస్తున్నారు.

కిందటి చలికాలం తాతకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. అప్పుడు వదిలేసి ఉంటే ఎంత సుఖంగా పోయేవాడు, మగతలోనే. సూపరింటెండెంటు రోజుకి రెండుసార్లు వచ్చి చూశాడు. సిస్టర్, ఆయన మన చేతుల్లో పోకూడదు, ఏం మందు కావాలన్నా రాయండి అన్నాడు. ఎంత మంచివాడు అనుకున్నాను, కళ్లనీళ్లు పెట్టుకున్నాను కూడా. ఆక్సిజన్ తెప్పించారు, పెద్దాసుపత్రి నుంచి స్పెషలిస్టు వచ్చాడు, బయట ఎవరికీ దొరకని మందు తాతకి దొరికింది. తొమ్మిది రోజులు తాత పక్కనే కూర్చున్నాను, కఫం తీశాను, వీపు తట్టాను. పదో రోజు కళ్లు తెరిచాడు. నేనడగకుండానే పేరు చెప్పాడు, వారం తప్పు చెప్పాడు, ఎన్ని రోజులు పడుకున్నాడో తనకి తెలియదు కదా. చచ్చిపోబోతున్న మనిషిని చావనివ్వకుండా పట్టి లాగాం, అందరం కలిసి, ఎంతో ప్రేమగా. ఎవర్ని తిట్టాలి. సూపరింటెండెంటు తన పని చేశాడు, స్పెషలిస్టు తన పని చేశాడు, మేస్త్రీ తన పని చేశాడు, నేనైతే జీతానికి మించి చేశాను. ఇంతమంది మంచివాళ్లు పడి చేస్తే తప్ప ఒక ముసలివాణ్ని ఉరికి సిద్ధం చేయడం కుదరదు కాబోలు.

పదకొండూ ఇరవై. ఇంకా ఏం అడుగుతున్నారు. నిన్నంతా నేను పాఠం చెరపడానికి చూశాను. పోయిన వారం ఈ రూలు సంగతి తెలిశాక అడగడం మానేశాను, మానేస్తే ఏడింటికల్లా తాతే అప్పజెప్పడం మొదలెట్టాడు, మొహం తుడవగానే నోరు దానంతటదే తెరుచుకుంటోంది. నిన్న వరస మార్చి అడిగాను, తడబడ్డాడు, నాకు ఆశ పుట్టింది. ఈరోజు ఆదివారం తాతా అన్నాను. కాదమ్మా, మంగళవారం, మొన్న ఆదివారం పాలు ఆలస్యంగా వచ్చాయి అన్నాడు. మనం బస్టాండులో ఉన్నాం తాతా అన్నాను. తాత నన్ను అదోలా చూశాడు, బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకుని, నీకు ఒంట్లో బాగాలేదా అమ్మా అన్నాడు. "మతి తప్పుతోంది నీకు. భయపడకు. రేపటి నుంచి పొద్దున్నే నేనడుగుతాను, నువ్వు చెబుదువు గాని. కొన్నాళ్లకి అదే వస్తుంది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇక లాభం లేదని తలుపు వేసి, చెవి దగ్గర నోరు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను. రేపు కొంతమంది వచ్చి అడుగుతారు, ఏమడిగినా తెలియదను, తెలుసంటే ఉరి తీస్తారు. తాత విన్నాడు. వణికాడు. అలాగే అమ్మా, తెలియదంటాను, తెలియదంటాను అన్నాడు. మందు తెచ్చి తిరిగొచ్చేసరికి కళ్లు తుడుచుకుని, ఎందుకో దిగులుగా ఉందమ్మా, ఎందుకో తెలియడం లేదు అన్నాడు. ఒక్కరోజు చెప్పింది తాతలో నిలవదు. రెండేళ్లు చెప్పింది పోదు. ఈ ముక్క నేను నిన్న నేర్చుకున్నాను.

తలుపు తెరుచుకుంది. హెడ్ వార్డరు, మేం మీసాలాయన అంటాం, బయటికొచ్చి నీళ్ల కూజా దగ్గర వంగి నాతో గుసగుసగా మాట్లాడాడు. "ఏం చెప్పట్లేదక్కా. పేరడిగినా గోడకేసి చూస్తున్నాడు. వారం అడిగితే పాలొచ్చాయా అంటాడు. పెద్ద డాక్టరు విసుక్కుంటున్నాడు. మనాడు బయటపడేట్టే ఉన్నాడు." మనాడు అన్నాడు మీసాలాయన, ఇరవై ఆరేళ్లు తాళం వేసిన మనిషి. పక్కనున్నావిడ ఏమైందండీ అంది. చెప్పడం లేదట అన్నాను. మా అమ్మ పేరు కూడానా అంది. అవునమ్మా అన్నాను. ఆవిడ మొహం వాడిపోయింది, నాకు తెలుసు అది చూస్తే జాలి పడాలని, కానీ నా లోపల సంతోషం పొంగుతోంది, సిగ్గులేని సంతోషం. బతుకుతావు తాతా. మూత్రం సంచీతో, పుండ్లు పడిన వీపుతో, ఎవరో ఒకరు నోట్లో పెడితే తింటూ, నన్ను సిస్టర్ అని పిలుస్తూ బతుకుతావు, పిలువు, నాకేం ఫరవాలేదు, ఈసారి నేనేమీ అనుకోను. రేపటి నుంచి ఏడింటికి నీ దగ్గరికి రానే రాను. అంతా కలిపి మూడు నిమిషాలుండి ఉంటుంది ఆ సంతోషం. సూపరింటెండెంటు తలుపులోంచి తొంగి చూసి, సిస్టర్, ఒకసారి లోపలికి రండి అన్నాడు.

గదిలో పాత ఫైళ్ల వాసన. తాత కుర్చీ కిటికీకి ఎదురుగా పెట్టారు, వెలుగు కళ్లలో పడుతోంది, అడిగేవాళ్ల మొహాలు కనిపించే వీల్లేదు. మూడు కాగితాలు, గళ్లు గీసినవి, ముగ్గురి ముందూ. పెద్ద డాక్టరు నాతో, మా గొంతులు వినిపించడం లేదేమో, మీ గొంతైతే వింటాడట, నేను చెప్పింది మాత్రమే అడగండి, సొంతంగా ఏమీ కలపొద్దు అన్నాడు. సరే అన్నాను. తలుపు నుంచి కుర్చీ దాకా ఆరడుగులు, ఆ ఆరడుగుల్లో లెక్క వేసేసుకున్నాను. కుడి వైపు వెళ్లను, తాతకి ఎడమ చెవి వినిపించదు, ఎడమ వైపు నిలబడతాను, వరస మార్చి అడుగుతాను, గొంతు మార్చి అడుగుతాను. ఇంత చదువుకున్న ముగ్గురిని ఒక నర్సు మోసం చేయలేదా. కానీ నేనింకా కుర్చీ దగ్గరికి చేరలేదు, తాత తల తిప్పి నన్ను చూశాడు. మొహం విప్పారింది. పొద్దుటి నుంచి తప్పిపోయిన మనిషి దొరికినంతగా నవ్వి, నేను నోరు తెరవకముందే మొదలెట్టాడు. తన పేరు, ఇంటి పేరుతో సహా. ఈరోజు బుధవారం. ఇది జైలు ఆసుపత్రి. నువ్వు మా నర్సమ్మవి. నేను ఇద్దర్ని చంపాను. ఇద్దరి పేర్లూ చెప్పాడు, స్పష్టంగా, ఒక్కో అక్షరం విడమరిచి. కుళాయి దగ్గర, ఇనుప కడ్డీతో. ముందు ఆయన్ని, తర్వాత లోపలికి పరిగెత్తితే ఆమెని. పాప చూసింది. తప్పు చేశాను. చివరి మాట నేను నేర్పింది కాదు, ఎప్పుడు చేర్చుకున్నాడో తనే చేర్చుకున్నాడు. తలుపు మూయలేదు, బయట బెంచీ దగ్గర ఆవిడ నిలబడి వింటోంది.

"బట్టీ పట్టినట్టుంది సార్" అన్నాడు కుర్ర డాక్టరు. నాకు ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. అవును సార్, బట్టీయే, నేను పట్టించాను, రెండేళ్లు పట్టించాను, ఇందులో అర్థమై చెప్పింది ఒక్కటీ లేదు అన్నాను. ఇది అబద్ధం, తప్పు చేశాను అన్నది తన మాటే, అయినా అన్నాను. పెద్ద డాక్టరు నన్ను మెచ్చుకోలుగా చూశాడు. "మీరు చేసిన సేవ కనిపిస్తూనే ఉంది సిస్టర్. కానీ బట్టీ పట్టాలన్నా మతి ఉండాలి కదా. సరే, మీకు అనుమానం వద్దు. మీరు నేర్పనిది ఒకటి అడగండి. ఉరి తీస్తే ఏమవుతుందో అడగండి." ఇది పాఠంలో లేదు. ఇది ఎప్పుడూ అడగలేదు. నేను ఎడమ వైపు వంగి, వినిపించని చెవిలో అడిగాను. తాత ఓపిగ్గా తల తిప్పి కుడి చెవి నాకు అప్పగించాడు. ఈ చెవిలో అమ్మా, మర్చిపోయావా అన్నాడు. అందరూ చూస్తున్నారు. కుడి చెవిలో అడిగాను.

"చచ్చిపోతాను" అన్నాడు తాత.

ముగ్గురూ రాసుకున్నారు. కుర్ర డాక్టరు కాస్త ఆగి రాశాడు, కానీ రాశాడు. కలాలకి మూతలు పెట్టారు. పెద్ద డాక్టరు కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నాడు. అప్పుడు తాత నా చేయి పట్టుకుని, కొంచెం మొహమాటంగా అడిగాడు, "చచ్చిపోయాక మళ్లీ మన వార్డుకే తెస్తారా అమ్మా, వేరే వార్డులో వేస్తారా?"

రాయండి సార్, ఇది రాయండి, చావంటే ఏమిటో ఆయనకి తెలియదు, ఇప్పుడు విన్నారు కదా అన్నాను, నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. పెద్ద డాక్టరు కాగితాన్ని ఇటు తిప్పి చూపించాడు, పాపం చిరాకు పడలేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు సిస్టర్, అడగనిది రాయడానికి ఇందులో గడి లేదు అన్నాడు. కుర్ర డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తలుపు అవతల ఆవిడ కూర్చుండిపోయింది, ఏడుస్తోందో ఏమో తెలియలేదు, ఆవిడకి కావలసిన మాట దొరికింది, అది మిగిలేది ఇంకెన్నాళ్లు. తాత నా చేయి ఊపుతున్నాడు, జవాబు చెప్పలేదు కదా నేను.

"వేరే వార్డు తాతా."

"అక్కడ నీకు డ్యూటీ ఉందా?"

"లేదు."

తాత బాగున్న చెయ్యి ఎత్తి, గదిలో నేను కాక నిలబడి ఉన్న ఒకే ఒక్క మనిషి వైపు తిరిగాడు. "అయ్యా, ఈ అమ్మకి కూడా అక్కడే డ్యూటీ వేయండి. నాకు వేరేవాళ్లు అలవాటు లేదు" అన్నాడు.

సూపరింటెండెంటు మర్యాదస్తుడు. "అలాగే పెద్దాయనా, చూస్తాను" అన్నాడు.